గట్టు మీదికొచ్చి చెప్పు

మబ్బు పట్టి ఉక్కపోసే మధ్యాహ్నాల్లో మా చేనిలోని పాత బావి ఊపిరి వదులుతుంది. నవ్వకండి. బావి అడుగున దింపిన బోరు గొట్టంలోంచి నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగే సన్నగా, తడిగా వస్తుంది. ఈ రోజు అది వినగానే దావీదప్ప గుర్తుకొచ్చాడు, చేతిలో పని ఆగిపోయింది.

వేంపల్లెలో నాకూ మా ఆయన ఓబులేసుకూ మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. నేను రాగితీగ వైండింగు చుడతాను, ఆయన పొలాలకు పోయి మోటార్లు దించుతాడు. దావీదప్పది బద్వేలు. మా చుట్టుపక్కల మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుకు ఆయనే పెద్ద దిక్కు. ఆ గ్రూపులో కొత్తవాడు నోరు తెరిస్తే చాలు, 'ఇది కూడా తెలీదా', 'పోయి ఎనుములు మేపుకోపో' అని ఎగతాళి చేసేవాళ్లు. అందుకే మా ఆయన ఏదీ అడిగేవాడు కాదు. "అడిగితే నగుతారు" అనేవాడు. మగవాళ్ల రోషం అంతే, ప్రాణం పోయినా పరువు పోకూడదు.

మేము పని మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు ఇలాగే ఉక్కపోత. ఒక రైతు బావిలో బోరు మోటారు ఇరుక్కుంటే చూడటానికి మా ఆయన మెట్లు దిగుతున్నాడు, వెంట పోయిన నేను గట్టు మీద ఉన్నాను. లోపల గొట్టం బుస్సుమంటోంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆయన వద్దంటున్నా వినకుండా గ్రూపులో రాశాను: "బావిలో బోరు ఊపిరి ఇడుస్తాంది. దిగొచ్చునా?" వెంటనే నవ్వు బొమ్మలు వరసకట్టాయి. "దయ్యానికి పడిశం పట్టిండాది, కషాయం పొయ్యక్కా" అన్నాడొకడు.

అంతలో ఫోను మోగింది. "ఏమ్మా, నేను దావీదును. మీ ఆయన యాడుండాడు?"

"సగం మెట్లు దిగినాడన్నా."

"ముందు గట్టు మీదికి రమ్మను. వచ్చినంక చెప్తా."

గొంతు చించుకుని పిలిచాను. గొణుక్కుంటూనే పైకి వచ్చాడు. అప్పుడు చెప్పాడు దావీదప్ప: "మబ్బు పట్టిన పూట బోరులోంచి చెడ్డగాలి పైకొస్తాదమ్మా. బావి అడుగున నీళ్ల మాదిరి నిలుస్తాది. కంటికి కనపడదు. దిగినోడు కేక కూడా ఎయ్యలేడు." అంతవరకు నా మీద కస్సుబుస్సుమన్న మనిషి గట్టు మీద కూలబడ్డాడు. నేను బావురుమన్నాను.

మా కృతజ్ఞత చెప్పుకోవాలని బద్వేలు పోయాం. చర్చి పక్క సందులో చిన్న ఇల్లు. దావీదప్ప మమ్మల్ని పొగడనివ్వలేదు. ఫోను తీసి గ్రూపులో ఒక పాత ప్రశ్న చూపించాడు. ఎవరో కొత్తవాడు, పేరు కూడా లేదు: 'స్టార్టరు డబ్బా తాకితే జిల్లుమంటాంది. తడికాళ్లతో తాకొచ్చునా?' దాని కింద అందరి నవ్వులు. ఆ నవ్వుల్లో దావీదప్ప జవాబు: 'తాకి చూసి చెప్పప్పా.' ఆ తర్వాత ఆ మనిషి మాట్లాడలేదు.

"నగులాటకు అంటినమ్మా. నిజంగానే తాకినాడో ఏమో" అన్నాడు. ఆ ప్రశ్నకే గ్రూపులో ఏళ్ల తరబడి ఆయన రాస్తూ వచ్చినవి చూపించాడు: 'ఉండావా అప్పా?' 'ఉండావా?' ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. "ఒక్కోసారి ఆ నంబరు టైపు చేస్తాండాదని కనపడతాదమ్మా. రెప్ప ఎయ్యకుండా చూస్తాంటా. ఏమీ రాదు" అన్నాడు. ఆ రోజు నుంచి నాకూ ఆ నంబరంటే భయం పట్టుకుంది. ఒకసారి నాకూ కనబడింది. ఫోను మంచం మీద పారేసి వీధిలోకి వచ్చేశాను.

కొత్తవాడు ఏది అడిగినా దావీదప్ప మొదట అదే అనేవాడు, చెయ్యి తీసి గట్టు మీదికొచ్చి చెప్పు అని. నవ్వినవాళ్లను మాత్రం వదిలేవాడు కాదు: "నువ్వు తల్లి కడుపులోనే వైండింగు నేర్చుకోనొచ్చినావా?"

పోయిన ఎండాకాలం ఆయన కన్నుమూశాడు. సమాధిలో మట్టి వేసి వస్తుంటే సమాధుల తోట గేటు దగ్గర ఎవరూ ఎరగని మనిషి నిలబడి ఉన్నాడు. గ్రూపులో మనిషేమోనని పలకరించాను. "నువ్వు ఏం అడిగినావన్నా ఆయప్పను?"

"తడికాళ్లతో డబ్బా తాకొచ్చునా అని" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు చలి పుట్టింది.

"తాకలేదమ్మా" అన్నాడు తల వంచుకుని. "అందరూ నగినారు. సిగ్గయ్యి ఆ పనే ఇడిసిపెట్టి ఎర్రగుంట్లలో లారీకి పోయినా. ఉండావా అని ఆయప్ప అడిగినప్పుడల్లా రాస్తాంటి, చెరిపేస్తాంటి. మళ్లీ నగుతారని."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. 'ఉండా' అనే ఒక్క మాట కోసం ఆ ముసలాయన చచ్చేదాకా కాచుకున్నాడే! అతని ముఖం చూశాక ఆ కోపం అతని మీద నిలవలేదు. ఆ మాటను గొంతులోనే నొక్కేసింది మనవాళ్ల నవ్వే కదా.

ఇప్పుడు గ్రూపు నా చేతికి వచ్చింది. ఎగతాళి చేసినవాడిని మొదట తిడతాను, వినకపోతే తీసేస్తాను. అది సులువైన పనే. ఒక్కసారి అడిగి మాట లేకుండా పోయిన నంబర్లకు విడిగా రాస్తుంటాను, 'ఉండావా?' అని. కొందరు ఉండామంటారు. కొందరు టైపు చేస్తున్నట్టు కనబడి ఆగిపోతారు. అలా కనబడినంతసేపూ మా ఆయన అన్నం పెట్టమన్నా సరే, నేను లేవను.