కనకాలపేట అల్లుడి గొంతు

యానాం చేపల మార్కెట్లో వేలంపాట నడిపే ఫ్రాన్సిస్ ఒక్క కేక వేశాడంటే గోదావరికి వచ్చిన పోటు సగంలో ఆగి వెనక్కి పోతుంది. అతను పులసకు పాట మొదలుపెడితే అవతలి ఒడ్డున అరటిగెల బేరమాడుతున్నవాళ్ళు కూడా పొరపాటున ధర పెంచేస్తారు. బుట్టలో ఎప్పుడో చచ్చిన చేప సైతం తన రేటు విని ఒకసారి తోక ఆడిస్తుంది. నమ్మనివాళ్ళు పొద్దున్నే వెళ్ళి చూసుకోవచ్చు. చెవుల్లో దూది మాత్రం పెట్టుకుని వెళ్ళాలి.

అంత గొంతుకూ లొంగని మనిషి ఒక్కతే పుట్టింది. అతని కూతురు.

కాన్పుకు వెళ్ళిన అతని భార్య ఆగ్నెస్ ఇంకా కనకాలపేటలో పుట్టింట్లోనే ఉంది. పిల్లకు నెల దాటిందో లేదో, రోజూ దీపాలు పెట్టే వేళకు ఏడుపు అందుకునేది. కాళ్ళు పొట్టలోకి ముడిచి, పిడికిళ్ళు బిగించి, మొహం ఎర్రగా కందిపోయేలా ఏడ్చేది. ఆగ్నెస్ తల్లి జోసెఫిన్ బొడ్డు చుట్టూ ఇంగువ అరగదీసి రాసింది. ఆముదపాకు వెచ్చచేసి పొట్ట మీద వేసింది. డాక్టరమ్మ చూసి, పిల్ల పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, కొందరు పిల్లలు ఇంతే, కొన్నాళ్ళకు అదే తగ్గుతుంది, ఎత్తుకుని ఓపిక పట్టండి అంది. ఆ ఓపికే ఏ మందుల షాపులోనూ దొరకలేదు.

ఫ్రాన్సిస్ చూడ్డానికి వచ్చినప్పుడల్లా పక్కింటి చిన్నారావు గోడ మీద నుంచి తల పెట్టేవాడు. "ఏం బావా, మార్కెట్ ఇక్కడికి మార్చేశావా? నీ కూతురి పాటకి మా కోళ్ళు గుడ్లెట్టడం మానేశాయ్!"

"నా కూతురు మరి!" అని ఫ్రాన్సిస్ ఛాతీ విరుచుకునేవాడు. "నేనొక్క మాటంటే ఊరుకుంటది, చూద్దువుగాని."

ఆ ఆదివారం చిన్నారావు నిజంగానే చూడ్డానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఫ్రాన్సిస్ పిల్లను ఎత్తుకుని జోకొట్టాడు, చిటికెలు వేశాడు, కూనిరాగం తీశాడు. పిల్ల ఇంకా పెంచింది. చిన్నారావు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వడం కనబడింది. అంతే, మార్కెట్ గొంతు బయటికొచ్చేసింది.

"నోర్ముయ్!"

చేతిలో ఉన్న పసిగుడ్డు మీద. పిల్ల ఒళ్ళంతా ఉలిక్కిపడింది. రెండు చేతులూ గాల్లోకి చాచింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. తర్వాత వచ్చిన ఏడుపు రోజూ వచ్చేది కాదు. చిన్నారావు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆగ్నెస్ వచ్చి పిల్లను తీసేసుకుంది.

తిట్టి ఉంటే బతికిపోయేవాడు. కానీ అల్లుణ్ణి ఎవరు తిడతారు? జోసెఫిన్ ఫ్యాను అతని వైపు తిప్పింది. "అలిసిపోయినట్టున్నారు అల్లుడుగారూ, కూర్చోండి" అంటూ కొత్త గ్లాసులో కాఫీ ఇచ్చింది. భోజనంలో రొయ్యల వేపుడు వండి, పెద్దవన్నీ ఏరి అతని కంచంలోనే వేసింది. అతను వాటిని కంచం అంచుకు జరిపి ఉత్త అన్నం తిన్నాడు.

మర్నాడు మార్కెట్లో పాట పాడబోతే, చప్పుడు లేకుండా తెరుచుకున్న ఆ చిన్న నోరు కళ్ళముందు కదిలింది. మాట పెగల్లేదు. "ఏం ఫ్రాన్సిసూ, నీ గొంతు పులస మింగేసిందా?" అని చేపలమ్మే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అతను తల దించుకుని మంచుముక్కలు సర్దాడు.

రోజూ సాయంత్రం అత్తారింటికి వెళ్ళేవాడు. వెళ్ళినకొద్దీ మర్యాద పెరిగింది. పిల్ల ఏడుస్తుంటే చేతులు చాచేవాడు. "మీకెందుకు బాబూ శ్రమ" అంటూ జోసెఫిన్ పిల్లను పెరట్లోకి తీసుకుపోయేది. కన్నకూతుర్ని ఇక తన చేతికి ఇవ్వరేమోనని ఫ్రాన్సిస్‌కు దిగులు పట్టుకుంది.

ఒకరోజు కుర్చీ వదిలేసి వాళ్ళ వెనకే పెరట్లోకి నడిచాడు. బట్టలుతికే బండ పక్కన నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, నాకు కాఫీలొద్దండి. తప్పు చేశాను. పిల్లనివ్వండి."

జోసెఫిన్ కూతురి వైపు చూసింది.

"మళ్ళీ అరుస్తారా?" అంది ఆగ్నెస్.

"అరవను."

"అది ఊరుకోకపోతే?"

ఊరంతా వినబడే మనిషి గొంతు తగ్గించాడు. "ఊరుకోకపోతే..." అంటూ చేతులు చాచాడు. "ఏడవనీ. ఎత్తుకునే ఉంటాను."

ఆగ్నెస్ పిల్లను ఇచ్చింది. పెద్ద చేపను జారకుండా మోసే అలవాటున, పిల్లను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకున్నాడు. బుగ్గ మోచేతి దగ్గర, పొట్ట అరచేతికి ఆని. రెండో చెయ్యి వీపు మీద వేసి, వీధిలోకే నడిచాడు, అందరూ చూస్తుండగా. గోడ మీద చిన్నారావు తల లేచింది, మళ్ళీ దిగిపోయింది.

ఆ మీదట జరిగింది కనకాలపేటలో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. ఫ్రాన్సిస్ పిల్ల చెవిలో ఏదో గుసగుసలాడాడట. పిల్ల చటుక్కున నిద్రపోయిందట. పోటు మీదున్న గోదావరి సైతం చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఆ వీధి దాటిందట.

ఈ ముక్క ఫ్రాన్సిస్ దగ్గర ఎత్తితే అతను తల పైకెత్తడు. "అది ఊరుకోలేదండి. ఏడుస్తానే ఉంది. నేను దించలేదు, అంతే."