సాక్ష్యం ఆపమన్న ప్రొఫెసర్ గారు

మా పక్కింటి ప్రొఫెసర్ గారు మంగళవారం ఉదయం పోయారు. పెరట్లో మూలికల మడికి నీళ్లు పెడుతుండగా గుండె ఆగిపోయిందట. ఆయన మన సంఘస్థుడు కాదు. ఆయన ప్రార్థన చేయగా నేనెన్నడూ చూడలేదు. అయినా సహోదరులారా, మన పత్రికలో ప్రతి నెలా వాక్యం రాసే ఈ పేజీని ఈసారి ఆయనకే ఇస్తున్నాను.

జపాన్ వాళ్ల పాతకాలపు మూలికా వైద్యంలో మెదడు జబ్బులకు పనికొచ్చేది ఏముందో వెతకడంలోనే ఆయన ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆయన కారెక్కితే శొంఠి కొట్లో కూర్చున్నట్టే ఉండేది. మతిమరుపు జబ్బు ముదిరి, సాయంత్రమైతే కేకలు పెట్టే మా ఆవిడను ఆయన తన మందు ట్రయల్‌లో చేర్చుకున్నారు. సగం మందికి మందు పొట్లాలు, మిగతా సగానికి అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్త పిండి. ఎవరివి ఏవో చివరిదాకా ఆయనకూ తెలియదు. మా ఆవిడ ఆయన్ని తన తమ్ముడనుకునేది.

"తిన్నావురా?"

"తిన్నానక్కా. నువ్వు?"

"నాకెవరు పెడతారు, ఈ కేకల మనిషా?" అని నన్ను చూపించేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

రెండు నెలలకు ఆమె కేకలు ఆగాయి. ఒకరోజు నన్ను గుర్తుపట్టి "ఏమండీ" అంది. నేనిక ఊరుకుంటానా? ఆదివారం కూడికకు ఆయన్ని పిలిచి, "దేవుడు ఈ మందుతో నా భార్యను లేపాడు!" అని గర్జించాను. ఆయన వెనక కుర్చీలోంచి లేచారు.

"బ్రదర్ గారూ, సాక్ష్యం ఆపండి. ఇంకా రిజల్ట్ రాలేదు."

"కళ్లెదుట కనిపిస్తుంటే రిజల్టేంటి సార్? అవిశ్వాసం కాకపోతే!"

"అబద్ధ సాక్ష్యం వద్దని మీ ఆజ్ఞల్లోనే ఉంది కదండీ. నిజమో కాదో తెలియకముందే చెప్పేదాన్ని ఏమంటారు?"

వాక్యం నా చేతిలోనే ఉంది. ఆయన్ని బయటికి నడవమన్నాను.

ట్రయల్ ముగిసింది. మందుకూ పిండికీ తేడా కనబడలేదు. బాగుపడ్డవాళ్లనే ఏరి చూపించమని తోటివాళ్లు సలహా ఇచ్చారట. "చేదును తీపని రాయలేను" అన్నారట ఈయన. చేదును తీపనేవాళ్ల మీద బైబిల్లో ప్రవక్త మండిపడి అన్న మాటే అది. ఈయన లేఖనం తెలియకుండానే అన్నారు. ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. గ్రాంట్ పోయింది, ల్యాబ్ మూతపడింది.

అప్పటికి మా ఇంట్లో కేకలు మళ్లీ మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం, జోరువానలో ఆయనే మా గుమ్మంలోకి వచ్చారు.

"అక్కకు వచ్చింది పిండి పొట్లాలండీ. ఫోన్‌లో చెప్పాలనిపించలేదు. సారీ."

తొందరపడి చాటింది నేను. తలుపు వేసింది ఆయన మొహాన. ఆ చలికాలమే మా ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను రుజువు చూడకుండా ఏ స్వస్థతనూ మీ ముందు ప్రకటించలేదు. మీరు నాలో దైవభయం అనుకున్నదాంట్లో సగం ఆయన పెట్టిందే. ఈ మాట ఆయనతో చెప్పాల్సింది. క్షమించమని అడగాల్సింది. నాలుగడుగుల దూరంలో ఉన్న ఇంటికి ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేకపోయాను.

ఆ రోజు తలుపు వేసి కిటికీలోంచి చూశాను. ఆయన వానలోనే నిలబడి, తడిసిన కళ్లద్దాలను తడిసిన చొక్కాతోనే తుడుచుకుంటున్నారు. పెట్టుకుని మా తలుపు వంక చూశారు. మళ్లీ తీసి తుడుచుకున్నారు.