మా డాబా మీద కసరత్తు

తొంభైల్లో బందరు కాలేజీలో చదువుతూ, కండలు పెంచాలని పట్టుబట్టాను. పాలపొడి డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో ఇనపగొట్టాలు గుచ్చి డంబెల్స్ చేసుకున్నాను. రోజూ పొద్దున్నే మొవ్వలో మా ఇంటి డాబా మీద వాటిని ఎత్తేవాణ్ణి. ఎండాకాలం రాగానే అవి అమ్మ వడియాల బట్ట మూలల మీదికి చేరాయి.

"గాలికి లేచిపోద్ది. ఎండేదాకా వాటిని కదపమాక" అంది అమ్మ. అంతటితో నా కండల ముచ్చట ముగిసింది.

కొన్నేళ్ళకి గుడివాడలో ఉద్యోగమొచ్చింది, కుర్చీలో కూర్చుని కూర్చుని పొట్టా వచ్చింది. పెళ్ళిచూపులకి వెళ్ళేలోగా దాన్ని కరిగించాలని స్కిప్పింగ్ తాడు కొన్నాను. శివరాత్రి వెళ్ళాక మినుము ఇంటికొస్తుందన్న సంగతి మరిచి, తాడు పట్టుకుని మొవ్వలో మా డాబా ఎక్కాను. కాలు పెట్టే చోటు లేకుండా మినపచెట్లు ఎండేసి ఉన్నాయి. అమ్మ కర్రతో కొడుతోంది.

"ఎటూ గెంతుతావుగా నాన్నా, ఆ తాడు పక్కన పెట్టి వీటిని తొక్కు."

"నేను చేసేది వ్యాయామం. నీ మినుములు తొక్కడం కాదు" అని విసుక్కున్నాను.

"నీ పొట్టా తగ్గుద్ది, నా పనీ అవుద్ది" అంది, కర్ర ఆపకుండా.

గొణుక్కుంటూనే తొక్కాను. ఒళ్ళంతా దుమ్ము, ఒకటే దురద. అడుగు వేసినప్పుడల్లా కాళ్ళ కింద కాయలు చిటపటా పగిలేవి.

ఇప్పుడు మెత్తటి చాప మీద, డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నాను. చిటపటలాడేది నా మోకాళ్ళే.