వీపు మీద పేరు

రాష్ట్ర సరిహద్దు దాటాక కొండల మీదుండే సెమిలిగుడ కూడలిలో, బస్సులు ఆగేచోటికి ఎదురుగా దేవకుమారి కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆమె తండ్రి పార్వతీపురం నుంచి రైల్వే పనికి వచ్చి రాయగడలో స్థిరపడ్డాడు. తల్లి పోయాక ఆమె క్రైస్తవ మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడ దాతలెవరో ఇచ్చిన గౌన్ల మీద వాళ్ల ఇంటిపేరు పెద్ద అక్షరాలతో ఉండేది. బజారుకు వెళితే కొట్లవాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు. గౌను చిరిగిపోయాక కూడా ఆ పిలుపు ఆమెను వదల్లేదు.

ఒక ఏడాది చలికాలం ముందు, ఓ కంపెనీ తరఫున మనోరంజన్ అనే ఆఫీసరు ఆమె దగ్గర స్వెట్టర్ల మూటలు దించాడు. హాస్టళ్లలో ఆడపిల్లలకు పంచడానికి. ఒక్కోదానికి వీపు మీద కంపెనీ పేరున్న గుడ్డ కుట్టాలి. అది దాదాపు వీపంతా ఉంది.

"సార్, సిన్న ముక్క సేసి మెడ లోపల కుడితే ఏటి?" అని అడిగింది దేవకుమారి.

కటక్ మనిషైనా మనోరంజన్‌కు ఇక్కడి తెలుగు బాగానే వచ్చు. "కనిపించాలి కదమ్మా. ఫొటోలు పంపకపోతే పైవాళ్లు వచ్చే ఏడాది డబ్బివ్వరు."

అయినా ఆమె ఎదుటే ఫోన్ చేసి అడిగాడు. కుదరదన్నారు. పని వదులుకుందామా అనుకుంది దేవకుమారి. కానీ తెల్లారగట్ట కొళాయి దగ్గర పిల్లలు ఎలా వణుకుతారో ఆమెకు తెలుసు. చెప్పినట్టే కుట్టి ఇచ్చింది.

పంచాక, ఊడిన కుట్లు సరిచేయమని మనోరంజన్ ఆమెను ఒక హాస్టల్‌కు తీసుకెళ్లాడు. ఆవరణలో పిల్లలంతా స్వెట్టర్లు లోపలివైపు బయటికి తిరగేసి తొడుక్కుని ఉన్నారు. ఎందుకలా అని అతను జెరూషా అనే పిల్లను అడిగాడు. ఆ పిల్ల దేవకుమారి వైపు చూసింది.

"సెప్పమ్మి, సారేటీ అనరు," అంది దేవకుమారి.

"బజారుకెళ్తే కంపెనీ పిల్లలొచ్చేరని నవ్వుతున్నారండి. వెచ్చగానే ఉన్నాయండి."

మనోరంజన్ ఫొటోలు తీయలేదు. తిరిగొచ్చేటప్పుడు జీపులో అన్నాడు: "చదువుకునేటప్పుడు నాకూ స్కాలర్‌షిప్ ఇచ్చారు. స్టేజీ మీద నిలబెట్టి మా నాన్న జీతమెంతో మైకులో చెప్పారు."

అతను పైవాళ్లతో గట్టిగానే మాట్లాడాడు. మరుసటి ఏడాది పేరు మెడ లోపలికి వెళ్లింది. కానీ డబ్బు తగ్గించారు. బోరిగుమ్మ వైపు హాస్టల్ ఒకటి జాబితాలోంచి పోయింది. ఆ మాట మనోరంజనే వచ్చి దేవకుమారికి చెప్పాడు.

"నా మూలానే ఆ పిల్లలకి లేకపోయింది సార్."

"అడిగింది తప్పు కాదమ్మా. పేరు కనపడకపోతే చెయ్యి వెనక్కి తీసుకున్నది వాళ్లు."

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడలేదు. ఆదివారం చర్చిలో లేచి జరిగినదంతా చెప్పింది, ఇందులో తన పాత్రతో సహా. ఆ హాస్టల్ పిల్లలకి స్వెట్టర్లు తామే అల్లుతామన్నారు ఆడవాళ్లు. ఊలు మనోరంజన్ సొంత డబ్బుతో కొనితెచ్చాడు. ఇంటిపనులూ ఉద్యోగాలూ చూసుకుంటూ అల్లాలి కనక, క్రిస్మస్ నాటికి సగం మంది పిల్లలకే అందాయి. మిగిలినవి పూర్తయ్యేసరికి కొండల మీద ఎండ ముదిరింది.

"ఆలీసం సేసేసేం," అని ఆ హాస్టల్ వార్డెన్ రాజులమ్మ దగ్గర నొచ్చుకుంది దేవకుమారి.

"ఏటవుద్దే. వచ్చే ఏడు ఏసుకుంతారు," అంటూ రాజులమ్మ ఒక్కో స్వెట్టరూ మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది.