గాలికి పోయిన దెబ్బ

"ఎనభై నాలుగు."

"కాదన్నయ్యా, ఎనభై అయిదు."

"గుంట గుంటకీ కాగితం మీద వేసుకుంటూనే వచ్చానే. ఎనభై నాలుగే."

"నా దగ్గర చింతగింజలున్నాయి, కావలిస్తే నువ్వే చూసుకో. ఉప్పుటేరు పక్కన గడ్డిలో ఒక దెబ్బ గాలికి పోయింది. అది నువ్వు వెయ్యలేదు."

"అది దెబ్బ కాదే పిచ్చిమొహమా. ఊరికే కర్ర ఆడించి చూసుకున్నాను. బంతి జోలికే పోలేదు."

"బంతిని కొట్టబోయి తప్పావు. నేను చూశాను."

మచిలీపట్నంలో కోట వైపు నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద, ఒక ఆదివారం పొద్దున, ఎండ ఇంకా చురుక్కుమనకముందే, అన్నయ్యా నేనూ ఇలా పోట్లాడుకుంటూ ఇంటికి నడిచాం. అన్నయ్యకు అప్పుడు ఇరవై అయిదేళ్ళు, నాకు పదకొండు. పోట్లాట గోల్ఫ్ గురించి. మా కాలపు బందరులో ఒక గుమాస్తా, లంగా కట్టుకున్న వాడి చెల్లెలు, గోల్ఫ్ దెబ్బల కోసం నడిరోడ్డు మీద వాదులాడుకున్నారంటే నమ్మడం కష్టమే.

ఇదంతా నాకు మొన్న మళ్ళీ గుర్తుకొచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవడు భోజనాల దగ్గర, ఆరు నెలలు ఎవరో మేష్టారి దగ్గర నేర్చుకున్నాక తన హ్యాండికాప్ పద్దెనిమిది నుంచి పన్నెండుకు దిగిందని వాళ్ళ నాన్నకు గొప్పగా చెబుతున్నాడు. తగ్గినందుకు సంబరపడేవాణ్ణి నిన్నే చూశానురా అని మా అబ్బాయి నవ్వుతున్నాడు. నేను మజ్జిగ వడ్డిస్తూ, తగ్గడమే గొప్పరా, మంచి ఆటగాడు డెబ్భై రెండు దెబ్బల్లో ముగించే ఆటకు మనకు ఎన్ని ఎక్కువ పడుతున్నాయో అదే హ్యాండికాప్, వీడు ఎనభై నాలుగు దెబ్బల్లో ముగిస్తున్నాడన్నమాట అన్నాను. ఇద్దరూ ముద్ద చేత్తో పట్టుకుని నా మొహం చూశారు. నీకెలా తెలుసు మామ్మా అని వాడు ఎన్నిసార్లు అడిగినా, ముందు విస్తట్లో అన్నం వదలకుండా తినమని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. వాడికి చెప్పలేనిది నా ఈడువాళ్ళకు చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మా నాన్నగారు కోర్టులో గుమాస్తాగా ఉండి నా ఎనిమిదో ఏట పోయారు. ఆ ఏడే నా బడి మూడో తరగతితో ఆగిపోయింది. అమ్మకు ఇంట్లో చేతిసాయం కావాలి, ఆడపిల్లకు పేరు రాయడం, ఉత్తరం చదవడం వస్తే చాలన్నారు. అన్నయ్య కాలేజీ చదువు మధ్యలో వదిలేసి ఒక దొరగారి కచేరీలో చేరాడు. వదిన ఇంకా కాపురానికి రాలేదు. ఊరవతల ఉప్పుటేరు పక్కన ఇసుక బీటిలో దొరలు గోల్ఫ్ ఆడేవారు. అక్కడ తొమ్మిదే గుంటలు, రెండుసార్లు తిరిగితే ఒక ఆట. మన ఉప్పునేలలో వాళ్ళకు కావలసిన పచ్చిక బతకదు గనుక, గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి చదునుగా తొక్కించేవారు. దొరగారితో ఆడే జతగాడు బదిలీ అయి వెళ్ళిపోవడంతో ఆయన ఒంటరిగా కొట్టుకుంటున్నారట. ఒక సాయంత్రం సంతకాలకు కాగితాలు పట్టుకుని వెళ్ళి, పని అయిపోయాక కూడా కదలకుండా నిలబడి చూస్తున్న అన్నయ్య చేతికి ఒక కర్ర ఇచ్చి కొట్టమన్నారట. మొదటి దెబ్బకు ఇసుక లేచింది, రెండో దెబ్బకు నా చెప్పు లేచింది, మూడో దెబ్బకు బంతి లేచింది అని అన్నయ్య తర్వాత తర్వాత చెప్పి నవ్వేవాడు.

ఆ మూడో దెబ్బే పట్టుకుంది వాణ్ణి. దొరగారు వారానికి రెండు సాయంత్రాలు నేర్పేవారు. నేర్పింది మర్నాడు తెల్లవారుతూనే మా వీధి చివర కోతలైపోయిన చేలో అన్నయ్య సాధన చేసేవాడు. చంకలో చేతిరుమాలు పెట్టుకుని అది జారకుండా కర్ర తిప్పాలి, బంతి వెళ్ళిపోయాక కూడా తల ఎత్తకూడదు. తల ఎత్తుతున్నాడో లేదో చూసి చెప్పడానికి నన్ను ఎదురుగా గట్టు మీద కూర్చోబెట్టేవాడు. పక్కింటి ప్లీడరు గుమాస్తాగారు, మేం మావయ్య అని పిలిచే ఆయన, చెంబు పట్టుకుని అటుగా వెళుతూ, "ఏమోయ్, దొరగారి గేదెలు గానీ తప్పిపోయాయా, కర్ర పుచ్చుకుని పొలాలంట పడ్డావు?" అనేవారు. ఇంట్లో అన్నయ్య చెంబును నేలమీద పడుకోబెట్టి దాని మూతిలోకి బంతి దొర్లించడం చూసి అమ్మ, "నా మడి చెంబే దొరికిందట్రా మీ దొరకి" అని నెత్తి కొట్టుకునేది. ఉన్నవి మూడు బంతులు, మూడూ పాతవే. ఒక్కటి గడ్డిలో పడినా అది దొరికేదాకా నేను ఇంటికి కదిలేదాన్ని కాదు. రంగు పోయిన బంతులకు నేను గోడలకు వేయగా మిగిలిన సున్నం పూస్తే దొరగారి అరచేతులు తెల్లబడ్డాయట. ఆయన నవ్వి ఊరుకున్నారట గానీ, అన్నయ్య నా చెవి మెలిపెట్టాడు.

దెబ్బలు లెక్కపెట్టడం నా పని. నూట ఇరవై చింతగింజలు ఒక సంచిలో వేసుకుని, దెబ్బకొక గింజ చొప్పున రెండో సంచిలోకి మార్చేదాన్ని. అన్నయ్య బతిమాలినా ఒక్క గింజ వెనక్కి వేసేదాన్ని కాదు. చండశాసనం దీనిది, ఏ జడ్జీ పనికిరాడు అనేవాడు. ఆ మాట దొరగారి దగ్గర కూడా అన్నాడు కాబోలు, ఆయన నా మొహమైనా చూడకుండానే నాకు 'చిన్న గుమాస్తా' అని పేరు పెట్టారు. బడి మానిపించిన పిల్లకు ఆ పేరు ఎంత గొప్పో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అలా ఏడాదిన్నరలో అన్నయ్య హ్యాండికాప్ ముప్ఫై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదహారుకు దిగి, అక్కడ నెలల తరబడి మొరాయించింది. కర్ర బిగదీసి పడుతున్నావని దొరగారు ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి వదులయ్యేది కాదు. చివరికి ఒకరోజు అమ్మ మజ్జిగ చిలుకుతుంటే అన్నయ్య గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆ చేతులకేసే చూశాడు. తాడు ఒక చేతికి వస్తున్నప్పుడు రెండో చెయ్యి తొందరపడకుండా వదులుతుంది. మర్నాటి నుంచి అన్నయ్య కర్ర తిరిగే తీరే మారిపోయింది. పదమూడుకు దిగాడు.

అప్పుడు వచ్చింది ఆ ఏటి పెద్ద ఆట. చుట్టుపక్కల జిల్లాల దొరలందరూ వచ్చి ఆడే ఆట. అందులో మనవాళ్ళెవరూ అంతవరకూ లేరు. హ్యాండికాప్ పన్నెండుకు మించకుండా ఉన్నవాడి పేరును కాదనడానికి మిగతా దొరలకు నోరుండదని, పన్నెండు చూపిస్తే జాబితాలో అన్నయ్య పేరు తానే రాస్తానని దొరగారు అన్నారు. అన్నయ్య కోరింది జీతమూ కాదు, పై ఉద్యోగమూ కాదు. ఒక్కరోజు ఆ బీటిలో కాగితాల కట్టతో కాకుండా, తన పేరుతో నడవాలని, అంతే. ఈ మాట అమ్మతో చెప్పలేదు, నాతోనే చెప్పాడు. దొరగారు దివిసీమ మకాం వెళుతూ, ఆదివారం పూర్తి ఆట ఆడి, దెబ్బల కాగితం మీద లెక్కపెట్టినవాళ్ళ చేత సంతకం చేయించి, సోమవారం పొద్దున బంగళాలో ఇమ్మన్నారు. ఆ రోజే జాబితా పంపాలి. ఎనభై నాలుగు దెబ్బల్లో ముగిస్తే పన్నెండు. ఒక్కటి ఎక్కువైతే లేదు.

ఆ ఆదివారం చీకటి విచ్చుకోకముందే బయలుదేరాం. అన్నయ్య అంత బాగా ఆడగా నేనెప్పుడూ చూడలేదు. ఆటలో మాట్లాడకూడదని గట్టిగా చెప్పాడు గనుక నేను నోరు విప్పలేదు, గింజలు మారుస్తూ వెనకాలే నడిచాను. రెండో తిరుగుడులో ఉప్పుటేరు పక్కన బంతి గడ్డిదుబ్బులో పడింది. అన్నయ్య అక్కడికి వెళ్ళాడు. నేను ఆ పక్కనే నిలబడ్డాను. ఒక గింజ వేశాను. తర్వాత బంతి గడ్డిలోంచి లేచి వెళ్ళింది. ఇంకో గింజ వేశాను.

బంతిని కొట్టాలని కర్ర విసిరితే, తగలకపోయినా దెబ్బే. ఊరికే చేతివాటం చూసుకోవడానికి ఆడిస్తే దెబ్బ కాదు. ఏది ఏదో ఆడేవాడి మనసుకు తెలియాలి, లేదా చూసేవాళ్ళ కంటికి తెలియాలి. ఇంటికి వచ్చాక కూడా అన్నయ్య అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా వాదించాడు. నేను చూశాను, చూశాను అంటూనే ఉన్నాను. సాయంత్రానికి వాదన ఆపేశాడు. అమ్మ వచ్చి, పసిపిల్ల మాటకేమిట్రా, నీ లెక్క నువ్వు రాసుకో అంటే, "అది చూశానందంటే చూసినట్టేనమ్మా. నేనే కొట్టబోయి తప్పి, మనసుకు సర్దిచెప్పుకుంటున్నానేమో" అన్నాడు.

నేను చూడలేదు. గడ్డిదుబ్బు దగ్గర నా అరికాల్లో పల్లేరుకాయ దిగితే వంగి తీసుకుంటున్నాను. కర్ర గాలిని కోసిన చప్పుడు విన్నాను. తల ఎత్తేసరికి బంతి అక్కడే ఉంది. చప్పుడైంది, బంతి కదల్లేదు, కాబట్టి దెబ్బ తప్పిందనుకుని గింజ వేశాను. రోడ్డు మీద అన్నయ్య నన్ను నిలదీసినప్పుడు, వంగి ఉన్నానని చెబితే చిన్న గుమాస్తాకు పరువు ఏముంటుంది అనిపించింది. ఒకసారి చూశానన్నాక వెనక్కి రాలేకపోయాను. ఇంతకన్నా వేరే కారణం వెతుక్కున్నాను గానీ, ఇన్నేళ్ళలో దొరకలేదు.

పెద్ద ఆట ఆ నెలలోనే జరిగింది. అన్నయ్య చేతిరాత బాగుంటుందని, ఆడే దొరల దెబ్బలు పుస్తకంలో రాయడానికి కచేరీ నుంచి పిలిపించి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాసి వచ్చి, ఎవరెవరు ఎంత బాగా ఆడారో నాకు కథలా చెప్పాడు. ఆ తర్వాత చేలోకి వెళ్ళడం తగ్గి, మెల్లగా మానేశాడు. దొరగారికి బదిలీ అయింది. మూడేళ్ళకు అన్నయ్యకు టైఫాయిడు వచ్చి ఇరవై ఒక్క రోజులు మంచం మీద ఉండి పోయాడు. ఆ ఇరవై ఒక్క రోజులూ తలదగ్గర కూర్చున్నది నేనే. చెప్పాలని రోజూ అనుకున్నాను. కోలుకున్నాక చెబుదాంలే అనుకున్నాను.

ఆ ఇసుక బీడు ఇప్పుడు లేదు. కొంత ఇళ్ళయింది, కొంత రొయ్యల చెరువులైంది. మా మనవడి దెబ్బలు వాడి ఫోనులోనే లెక్క పడతాయట, హ్యాండికాప్ దానంతట అదే కడుతుందట. నువ్వు చూశావా అని వాడు ఎవరినీ అడగనక్కర్లేదు. మంచిదే. మా రోజుల్లో ఇంట్లో మనిషి చూశానంటే దానిమీద ఇంక మాట ఉండేది కాదు, ఆ నమ్మకం ఎంత బరువో పెట్టుకున్నవాడికి తెలియదు, మోసినవాళ్ళకే తెలుస్తుంది. మా కోడళ్ళు, మా అత్తగారు కళ్ళతో చూడనిదే ఏదీ ఒప్పుకోరండీ అని వచ్చినవాళ్ళతో చెబుతుంటారు. దెప్పిపొడుపుగానే అంటారని తెలుసు.

ఆ ఆదివారానికి మర్నాడు, సోమవారం. అన్నయ్య పెందలాడే స్నానం చేసి, కచేరీకి వేసుకునే కోటు తొడుక్కుని, ఆ కాగితం పట్టుకుని, పెరట్లో అంట్లు తోముతున్న నా దగ్గరకు వచ్చాడు. ముందురోజు కోపం ముఖంలో ఎక్కడా లేదు. "నువ్వు చూశావు కదే?" అని ఒక్కసారే అడిగాడు. చూశానన్నాను. అక్కడే నూతి గట్టు మీద కూర్చుని, కాగితం మీద ఎనభై నాలుగులో నాలుగు కొట్టేసి అయిదు వేశాడు. చేతులు కడుక్కుని రమ్మని కలం ఇచ్చాడు. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నా పేరు రాశాను. సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అమ్మకు వెళ్ళొస్తానని చెప్పి, దొరగారి బంగళాకు నడిచి వెళ్ళాడు.