ఇనుప మంచం పందిరి

మా ఆయన మీద నేను స్పానర్ విసిరిన మాట నిజమే. తగల్లేదు. తగలాలనే విసిరాను.

ఈ పరాయి దేశంలో, పుంగ్గోల్ అనే పేటలో మా బ్లాకు కింద ఇళ్ళవాళ్ళందరికీ కలిపి ఒక తోట ఉంది. అందులో ఒక మడి నాది, పక్కది ఆంటీది. ఆంటీ మలేషియాలో పుట్టి, ఉద్యోగం కోసం ఎప్పుడో ఇటు వచ్చేసిన తెలుగావిడ. ఆవిడ మాటల్లో సగం తమిళం, కాస్త మలాయి. అయినా ఈ ఊళ్ళో నాతో కడుపునిండా తెలుగు మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. పొద్దున్నే ప్లాస్టిక్ స్టూలు వేసుకుని నా ఆనపపాదు పక్కన కూర్చునేది. ఆవిడకి నీడ ఉంటుందనే నేను పందిరి కావాలన్నాను.

వెదురు గడలతో వేద్దామనుకున్నాను. మా ఆయన లిఫ్టు పక్కన ఎవరో విప్పి పారేసిన రెండంతస్తుల ఇనుప మంచం చూశాడు. "ఇదేనే పందిరి! పైన పాదు, కింద ఆంటీ" అన్నాడు. నాకూ నచ్చింది. కింది మంచం తీసేసి, పైదానికి వైరు మెష్ పరిచాం. ఇక్కడి ఎండకి ఇనుము పెనంలా కాలుతుంది, లేత తీగ తగిలితే మాడిపోతుంది. అందుకని ఒక్కో గొట్టానికీ కొబ్బరితాడు చుట్టాను. అరచేతులు దోక్కుపోయాయి.

బోల్టులు మాత్రం లేవు. ఆ రోజు శనివారం. శనివారం ఇనుము కొనకూడదని మా అత్తవారింటి పట్టింపు. మంచం దొరికింది, కొన్నది కాదు కాబట్టి దోషం లేదట. బోల్టులు కొంటే దోషమట. మా ఆయన బ్యాంకులో కంప్యూటర్ల పని చేస్తాడు. ఇంట్లో వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు సంచీడు ఉంటే, వాటితో కాళ్ళన్నీ బిగించేశాడు. "టెంపరరీయేలే, రేపు బోల్ట్స్ తెచ్చేస్తా" అన్నాడు. ఆ రేపు రానేలేదు. అడిగితే మీటింగు, గట్టిగా అడిగితే అలక. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. ఎండకి ప్లాస్టిక్ తెల్లబడి పెళుసెక్కింది. పైన ఆనపకాయలు మాత్రం బండల్లా ఊరాయి.

ఒక పొద్దున సుమత్రా వైపు నుంచి గాలివాన వచ్చిపడింది. చూస్తుండగానే ఆకాశం నల్లబడి, గాలి తోటని ఈడ్చి కొట్టింది. ఆంటీ స్టూలు మీంచి లేచేలోపే టైలు టపటపా తెగాయి. పందిరి ఒరిగి ఆవిడ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అంత వానలోనూ నాకు వినపడింది.

ఎత్తబోతే పందిరి కదల్లేదు. తీగలు తోట కంచెనీ గొట్టాలనీ కలిపి బిగించేశాయి. కొడవలి తీసుకుని నరికాను. పసిపిల్లలా పెంచుకున్న పాదుని కసాయిలా నరికాను. మెష్ తగిలి మోచెయ్యి చీరుకుపోయింది. నెత్తురూ పసరూ వానలో కలిసి కారిపోతున్నాయి.

"జాంగన్ లా! కొయ్యొద్దమ్మా, కాయలుండాయి!" అని ఇనుము కింద నుంచి ఆంటీ అరుస్తోంది.

"నోరు మూసుకోండి ఆంటీ!" అని ఏడుస్తూనే కసిరాను. ఆఖరి తీగ తెగాక గొట్టం లేచింది.

సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మా ఆయన తోటలో స్పానర్‌తో కొట్టి మెష్ ఊడదీస్తున్నాడు. నన్ను చూసి, "శనివారం ఇనుము ముట్టుకున్నాం కదే, అందుకే ఇలా అయింది" అన్నాడు.

స్పానర్ లాక్కుని విసిరింది అప్పుడే. "ఇనుమేం చేసిందండీ? అది వంగనైనా లేదు! చచ్చింది మీ ప్లాస్టిక్! బోల్టులు తేవద్దని శనిదేవుడు వచ్చి చెప్పాడా మీకు?" అన్నాను. ఆయన తల దించుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆంటీ తోటలోకి రావడం మానేసింది. పిలిస్తే, "వద్దమ్మా, పయంగా ఉండాది" అంది. ఆవిడ రాకపోతే నాకు ఆ తోటెందుకు, ఆ పొద్దుటిపూటెందుకు? కావాలనే శనివారం వెళ్ళి బోల్టులు కొన్నాను. మంచాన్ని మళ్ళీ నిలబెట్టి, దాని కాళ్ళకి గోతులు తవ్వి సిమెంటు పోశాను. మణికట్లు వాచేదాకా బిగించాను. సిమెంటు గట్టిపడ్డాక పై గొట్టం పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. కసిదీరా ఊపాను. పందిరి చలించలేదు.

కట్టుకట్టిన చేత్తో ఆంటీ ఒకనాడు దిగి వచ్చింది. పందిరి చుట్టూ తిరిగి, చెప్పుకాలితో దాని ఇనుప కాలిని తన్నింది. మళ్ళీ తన్నింది.

"ఎవురు బిగించినారు? నువ్వా, ఆయనా?"

"నేనే ఆంటీ."

బాగున్న చేత్తో స్టూలు ఈడ్చుకొచ్చి, సరిగ్గా పందిరి కిందే వేసుకుని కూర్చుంది. పైన ఒక్క ఆకు లేదు. ఎండ తిన్నగా ఆవిడ మొహం మీద కొడుతోంది.

"విత్తనం ఎప్పుడు పెడతావు?" అంది.