పట్టినోళ్ల పేరు

బస్సు మిర్యాలగూడ పొలిమేర చేరగానే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన గుప్పున కొడుతుంది. పక్క సీటు వాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆకలి వేస్తుంది. మిల్లు వెనక మైదానంలో ఆ వాసన మధ్యే రెండు పూటలా కబడ్డీ ఆడేవాళ్లం, ఆట అయ్యేసరికి కడుపులు నకనకలాడేవి. ఆ రోజులు గుర్తుకొచ్చాయంటే మా కోచ్ సైదమ్మ మేడం కూడా వచ్చేస్తుంది. మెడలో ఈల, పొలం పనికి బయల్దేరినట్టు చీర మీద పొడుగు చేతుల చొక్కా.

ఆడపిల్లల కబడ్డీ జట్టు పెట్టాలని ఒక బియ్యం మిల్లు సేటుకు సరదా పుట్టింది. మాకు నెల జీతం, కొత్త బూట్లు, వీపు మీద మిల్లు పేరున్న బనియన్లు ఇచ్చి, చుట్టుపక్కల పట్టణాల జట్లు ఆడే లీగ్‌లో దింపాడు. పెన్‌పహాడ్ నుంచి సైదమ్మ మేడాన్ని పిలిపించాడు. నేను దామరచర్ల దగ్గరి తండా పిల్లను. మా నాయన కరెంటు ప్లాంటు కట్టడం పనికి వెళ్లేవాడు. "జట్టు ఉన్నన్ని రోజులు ఆడుకో బిడ్డా. లేనినాడు కుట్టుమిషన్ నేర్సుకో," అన్నాడు. కుట్టుమిషన్ మీద నాకు కోపమేమీ లేదు. కానీ కూతకు వెళ్లి, ఒకరిని తాకి తిరిగొచ్చేటప్పుడు ఒంట్లో లేచే సంబరం ఇంకెక్కడా దొరకదని నాకప్పటికే తెలిసిపోయింది.

మొదటి మ్యాచ్ సూర్యాపేటలో. చిత్తుగా ఓడాం. నేను కూతకు వెళ్లినప్పుడల్లా స్వరూప అనే అమ్మాయి నా కాలు దొరకబట్టి కూలేసింది. అప్పటికి ఆమె పేరు కూడా నాకు తెలియదు. బూట్లు విప్పుకుంటూ ఏడుస్తుంటే మేడం వచ్చి నిలబడింది.

"నిన్ను పట్టినామె పేరేంది?"

"ఏమో మేడం."

"పోయి అడిగి రా. ఎట్ల పట్టిందో గది గూడ అడుగు."

"మీరే చెప్పొచ్చు గద మేడం!"

"నేను గట్టు మీద కూసున్న. పట్టింది గామె. గామెకే ఎరుక."

సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లాను. స్వరూప ముందు నన్ను వింతగా చూసింది. తర్వాత మట్టిలో వేలితో గీత గీసి చూపించింది. "నువ్వు మళ్లేటప్పుడు నీ కండ్లు ముందే మధ్య గీత మీదికి పోతయి. గప్పుడు ఎనక కాలు యాదికుండదు నీకు. గదే దొరకబడ్త," అంది.

అది మొదలు, ఓడిన ప్రతిసారీ మా జట్టంతా అవతలి వాళ్ల దగ్గరికి బయల్దేరడం అలవాటైంది. ఓడడంలో మేం ఎవరికీ తీసిపోలేదు కాబట్టి పరిచయాలకు కొదవ లేదు. "ఓడిపోయి మళ్లీ మమ్మల్నే అడుగుతారేంటి మేడం?" అని కోదాడ పిల్లలు మా మేడాన్ని అడిగి పకపకా నవ్వారు. రెండోసారి వెళ్లేసరికి వాళ్లే మాకోసం నిమ్మసోడాలు తెప్పించి కూర్చున్నారు.

సేటుకు ఈ వరస చూసి ఒళ్లు మండింది. "ఇదేమన్న పెండ్లి సంబంధమా మేడం, పేర్లడిగి సోడాలు తాగనీకి?" అని మా ముందే గట్టిగా అరిచాడు. ఒక్క మ్యాచన్నా గెలవకపోతే జట్టు ఖతం అని తేల్చేశాడు. మేడం తల దించుకుని వింది. ఆయన వెళ్లాక ఈల ఊది, "లేవుండ్రి, ఆట మొదలుపెట్టుండ్రి," అంది. ఆ పూట ఆమె మొహం చూసి నాకు భయమేసింది. ఆమెకూ భయముంటుందని అప్పుడే తెలిసింది.

చివరి మ్యాచ్ కోదాడలో, మళ్లీ సూర్యాపేట జట్టుతోనే. చివరి కూత నాది. గెలవాలంటే మాకు మూడు పాయింట్లు కావాలి. ఒకమ్మాయిని తాకి మళ్లాను. ఈసారి మధ్య గీత వైపు చూడలేదు. స్వరూప మొహం వైపే చూస్తూ వెనక్కి జరిగాను. ఆమె దూకింది. నేను కాలు గుంజుకున్నాను. ఆమె గుప్పిట్లోకి మట్టి తప్ప ఏమీ రాలేదు. అడ్డంగా పడి గీత తాకాను. కానీ తాకింది ఒక్కరినే. ఒక్క పాయింటు తేడాతో ఓడాం. జట్టు పోయింది.

నాకు లేవబుద్ధి కాలేదు. ఎవరో వచ్చి పక్కన కూలబడ్డారు. తల తిప్పితే స్వరూప. గెలిచిన తన జట్టు అక్కడ గంతులేస్తుంటే, ఈమె ఒళ్లంతా మట్టితో ఇక్కడికి వచ్చింది.

"నీ పేరేందే? గా కాలు ఎట్ల గుంజుకున్నవే? జర చెప్పు."

మేడం మాకు దగ్గర్లోనే నిలబడి ఉంది. ఆ మాట విని మొహం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు.

సేటు అన్న మాట మీదే నిలబడ్డాడు. వారం తిరగకముందే సూర్యాపేట కోచ్ నుంచి నాకు కబురు వచ్చింది. తమ జట్టులోకి రమ్మని. నన్ను తీసుకొమ్మని స్వరూపే పట్టుబట్టిందట. ఎగిరి గంతేయాల్సిందే, కానీ మేడాన్ని తలుచుకుంటే కాళ్లు కదల్లేదు. పెన్‌పహాడ్ వెళ్లాను. ఆమె మడిలో నారు పీకుతోంది.

"మిమ్ములను ఓడగొట్టినోళ్ల దగ్గరికి ఎట్ల పోవాలె మేడం?"

ఆమె నడుము ఎత్తి నా వైపు చూసింది. "నీ పేరు అడిగినోళ్ల దగ్గరికి పోతున్నవ్ బిడ్డా. పరాయోళ్ల దగ్గరికి గాదు. పో," అని మళ్లీ వంగింది.

వెళ్లాను. కడుపునిండా ఆడాను. ఇప్పుడు కోదాడలో వ్యాయామం టీచర్ని. మా పిల్లలు గెలిస్తే వాళ్ల ఇష్టం వచ్చినట్టు ఎగురుతారు. ఓడితే మాత్రం కళ్లు తుడుచుకోకముందే అవతలి జట్టు వైపు పంపిస్తాను. కాసేపు ఏడవనివ్వమని వాళ్ల అమ్మలు బతిమాలుతారు. ఏడవొద్దని నేనెందుకంటాను? ఏడుస్తూ కూడా పేరడగొచ్చు.